కోలారు గనులు - క్షయ పరీక్ష

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతవడినవి. జాన్ టేలర్ కంపెనీవారు 1880లో ఆరంభించిన త్రవ్వకము చాంపియన్ రీఫు గనియందు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, నూటయిరువది సంవత్సరములు సాగినది. గనులతోపాటు గని వైద్యశాలయు పోయినది. అచట మిగిలినవారు నాటి కార్మికులును, వారి కుటుంబములును. వారిలో తమిళులు పెక్కురు. చిత్తూరు సీమనుండి వలసపోయిన మనవారును తక్కువమంది కారు.

ఆ బంగారము పలుగురాతిలోనిది. దానిని తొలుచునప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో మచ్చలు కట్టించి సిలికోసిస్ అను వ్యాధిని గలిగించును. గని విడిచిన పెక్కేండ్లకు గాని కొందరిలో నిది బయటపడదు. ధూళి పట్టిన ఊపిరితిత్తులకు క్షయ సులభముగా సోకును. రెండింటను దగ్గు, ఆయాసము, కృశించుట కలవు. ఎక్సురే పటమున రెండింటి నీడలును ఒకదానినొకటి పోలియుండి నేర్పరులనైనను తికమకపెట్టును. ఒకటి నష్టపరిహారమునకు అర్హమైన వృత్తిరోగము. రెండవది మందులచే కుదురు అంటురోగము. క్షయను ధూళిరోగమని పంపివైచినచో ఇంటిల్లిపాదికిని అపాయము. ధూళిరోగమును క్షయ యనినచో ఆరుమాసముల మందులును వ్యర్థము. తీర్పు చెప్పవలసినది కళ్ళెపరీక్ష.

ఈ విషయమున మన ప్రాంతమునకు పూర్వానుభవము లేకపోలేదు. కోలారు పొరుగుననే మదనపల్లెలో ఆరోగ్యవరము కలదు. బెంగుళూరున 1959లో నేర్పడిన జాతీయ క్షయ సంస్థవారు 1961లో అనంతపురము జిల్లాయందు ఒక క్రొత్త పద్ధతిని పరీక్షించిరి. సామాన్య వైద్యశాలలందే సూక్ష్మదర్శినితో కళ్ళెను చూచుట దాని మూలసూత్రము. వారే తుముకూరు పల్లెలలో విచారించి 1963లో ప్రకటించిన సంగతి మరింత గమనింపదగినది. కళ్ళెలో క్రిములున్న రోగులలో సగమునకు పైబడినవారు తమంత తామే వైద్యశాలకు పోయిరట! వారికి దొరకినది దగ్గుమందు సీసా. రోగులు అజ్ఞానులని నిందించువారు ఈ సంగతిని మరువరాదు.

సూక్ష్మదర్శిని చౌకయైనది, కాని దానికిని హద్దు కలదు. ఒక మిల్లీలీటరు కళ్ళెలో సుమారు అయిదువేలకు తగ్గక క్రిములున్నగాని కంటబడవు. ఒక్కొక్క గాజుపలకపై నూరు స్థలములు చూడవలెను. దినమునకు ఇరువది పలకలు దాటినచో కన్ను మోసపోవును. పలకలలో కొన్నింటిని, మొదటి ఫలితము తెలియని వేరొకరు తిరిగి చూచు ఏర్పాటు లేనిచో తప్పు తప్పుగనే నిలిచిపోవును. గని కార్మికుని ఊపిరితిత్తి గట్టిపడియున్నందున క్రిములు కళ్ళెలోనికి కొలదిగనే వచ్చును. అట్టివారికి కల్చరు పరీక్ష వలయును. అది తేలుటకు వారములు పట్టును.

జన్యుపరీక్షా యంత్రములు ఈ చిక్కును చాలవరకు తీర్చినవి. ప్రపంచారోగ్య సంస్థ 2010లో ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్టు రెండు గంటలలో క్షయను, ముఖ్యమైన మందునకు లొంగని గుణమును గూడ తెలుపును. 2020లో ఆమోదము పొందిన ట్రూనాట్ బ్యాటరీతో నడచును. అది రూపొందినది కోలారునకు దాపుననున్న బెంగుళూరుననే. అయినను చిప్పులు అందనినాడు, మరమ్మతు చేయువాడు రానినాడు ఈ యంత్రము బల్లపై పెట్టెయే. యంత్రమును తెప్పించుటకు ప్రారంభోత్సవమును, పూలదండలును కలవు. దానిని నడుపు ప్రయోగశాలా సహాయకుని నెలజీతమునకు అట్టి యుత్సవమేదియు లేదు. కావుననే కాబోలు, ఆ యుద్యోగములను నింపుటలో నంతటి యాలస్యము!

రాజధానియందలి మన వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు ఇట్టి గనిసీమలను గూర్చి అధికారులను ప్రశ్నింపగలవారు. యంత్రములెన్ని కొన్నారని అడిగి ఊరకుండరాదని మా యభిప్రాయము. గడచిన సంవత్సరమున ఆ యంత్రము ఎన్ని దినములు పనిలేక నిలిచినది? కళ్ళె ఇచ్చిన గని కార్మికునికి ఫలితము ఎన్నవనాడు చేరినది? ఈ రెండు లెక్కలను అడుగవలెను.