కొత్త బట్టలకు చందమామ లెక్క
కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు, తమిళ, ఉర్దూ పిల్లలు యూనిఫాంలో ఒకేలా కనిపిస్తారు. కొత్త బట్టల లెక్క మాత్రం ఇంటికొకటి.

తమిళుల పొంగల్‌ది సూర్యుని లెక్క. ఏటా జనవరి నడుమే వస్తుంది. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. ఏటా తగ్గే 11 రోజులను అధికమాసం సర్దుతుంది. అందుకే ఉగాది బట్టలు ఎప్పుడూ ఎండలు ముదిరే వేళకే. రంజాన్ పండుగకు నెలవంక కనబడాలి, అధికమాసం లేదు. అందుకే సుమారు 33 ఏళ్లలో చలి, ఎండ, వాన అన్నీ చుట్టి వస్తుంది.

ఇంట్లో పాడ్యమి, పక్షం అనే మాటలు మానేస్తే ఈ లెక్క పిల్లలకు అందదు. వచ్చే అమావాస్య ఎప్పుడో పంచాంగంలో వాళ్లచేతే వెతికిద్దాం.