కుక్క దగ్గితే ఎముక అడ్డుపడిందనుకోవద్దు

అరకులోయ: పెంపుడు కుక్క మెడ సాచి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్లు పొడిగా దగ్గుతుంటే యజమాని వెంటనే దాని నోరు తెరిచి చేయి పెట్టి వెదుకుతాడు. చాలాసార్లు అక్కడ ఎముకా ఉండదు, ముల్లూ ఉండదు. ఉన్నది వైరస్. ఆ చేయి పెట్టడమే ఒక్కోసారి మనిషి ప్రాణం మీదకు తెస్తుంది.

కుక్కల దగ్గులో ఎక్కువగా కనిపించేది సాధారణ అంటుదగ్గు. పారాఇన్‌ఫ్లుయెంజా, అడినో వంటి వైరస్‌లు, వాటికి తోడు బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా దీనికి కారణం. తుంపరల ద్వారా, ఒకే పాత్రలో గంజి తాగడం వల్ల, మూతులు రాసుకోవడం వల్ల ఇది వ్యాపిస్తుంది. కుక్క హుషారుగా ఉండి తిండి తింటుంటే ఒకటి నుంచి మూడు వారాల్లో చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది.

భయపడవలసింది డిస్టెంపర్‌కు. మనుషుల్లో తట్టు, మేకలు, గొర్రెల్లో పారుడు రోగం కలిగించే వైరస్‌ల కుటుంబానికి చెందినదే ఇది. మనుషులకు మాత్రం జబ్బు చేయదు. జ్వరం, కళ్ల వెంట పుసి, చిక్కటి చీమిడి, దగ్గుతో మొదలై వాంతులు, విరేచనాలకు దారితీస్తుంది. కోలుకుంటున్నదనుకున్న కుక్కకే కొన్ని వారాల తర్వాత దవడలు కొట్టుకోవడం, కాళ్లు అదరడం, మూర్ఛలు రావచ్చు. వైరస్ మెదడుకు చేరిందన్నమాట. టీకా పడని కూనలు బతకడం కష్టం. వైరస్‌ను చంపే మందు లేదు, సెలైన్ వంటి ఉపశమన చికిత్సే ఆధారం. బతికి బయటపడినవి కూడా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి వ్యాధిని అంటిస్తూనే ఉంటాయి.

రేబిస్‌తో పొరపాటు

నురగ, తూలుడు, మూర్ఛలు రేబిస్‌లోనూ కనిపిస్తాయి. రేబిస్‌లో ఒక రకానికి దవడ వేలాడి, కుక్క మింగలేక అవస్థ పడుతుంది. చూసేవారికి అచ్చం ఎముక అడ్డుపడినట్లే ఉంటుంది. ఏది ఏదో కంటితో తేల్చడం పశువైద్యులకే కష్టం. అందువల్ల నోట్లో చేయి పెట్టకుండా, కుక్కను విడిగా కట్టి వైద్యుడికి కబురు చేయాలి. చొంగ గాయానికి తగిలితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

ఆ టీకా వేరు, ఈ టీకా వేరు

ఏటా జూలై 6న జునోసిస్ దినోత్సవం సందర్భంగా జరిగే ఉచిత శిబిరాల్లో కుక్కలకు వేసేది రేబిస్ టీకా. ‘మా కుక్కకు సూది వేయించాం’ అని ధీమాగా ఉండేవారు ఈ సంగతి గమనించాలి. డిస్టెంపర్, పార్వో, అడినో, పారాఇన్‌ఫ్లుయెంజాలకు కలిపి వేసే టీకా వేరే ఉంది. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు, నాలుగు వారాలకోసారి వేయించాలి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. మైదానం నుంచి ఘాట్ రోడ్డు మీదుగా మారుమూల గూడేనికి మంచుపెట్టెలో అన్నిసార్లు తేవడమే మన్యంలో అసలు చిక్కు.

పైగా ఇక్కడి కుక్క గొలుసుకు కట్టి పెంచేది కాదు. యజమాని వెంట పోడుకు, సంతకు, చైత్రంలో ఇటుకల పండుగ వేటకూ పోతుంది. డిస్టెంపర్ నక్కలకు, పునుగు పిల్లులకు, చిరుతలకూ సోకగలదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు వెయ్యి సింహాలు దీనికి బలయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచే అది సోకిందని శాస్త్రవేత్తలు భావించారు. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుజరాత్‌లోని గిర్‌లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కూడా వాటిలో ఈ వైరస్‌ను గుర్తించారు.

కొత్తగా తెచ్చిన కూనను కనీసం రెండు వారాలు మిగతా కుక్కలతో కలపరాదు. చలికాలంలో అరకు చూడటానికి పెంపుడు కుక్కలతో వచ్చే పర్యాటకులు ముందుగానే వాటికి టీకాలు పూర్తి చేయించాలి. దగ్గే కుక్కకు మనుషుల జ్వరం మాత్రలు వేయడం ప్రమాదకరం. ఈ వైరస్ ఎండకు, సబ్బునీటికి త్వరగా నశిస్తుంది గానీ, చల్లని నీడలో ఎక్కువ కాలం నిలుస్తుంది. జబ్బు కుక్క పడుకున్న గోనెసంచిని అరుగు కింద వదిలేయకుండా ఉతికి ఎండలో ఆరవేయాలి.