పిల్లను అడిగారా?

రోమియో, జూలియట్ పేర్లు చాలామంది వినే ఉంటారు. అవి ఒక నాటకంలోని పేర్లు. ఇంగ్లాండు దేశపు రచయిత షేక్‌స్పియర్ సుమారు 1595లో ఆ నాటకం రాశాడు. కథ మాత్రం ఇటలీ దేశంలోని వెరోనా నగరంలో జరుగుతుంది. ఇది ప్రేమ కథ అని అందరికీ తెలుసు. ఇందులో పెద్దలు కుదిర్చిన పెళ్లి కథ కూడా ఉంది.

జూలియట్ వాళ్లది కలిగిన ఇల్లు. ఆమె ఒక్కగానొక్క కూతురు. ఇంకా 14 ఏళ్లు నిండలేదు. పారిస్ అనే అతను పిల్లను ఇమ్మని ఆమె తండ్రిని అడిగాడు. పారిస్ డబ్బున్నవాడు. ఆ నగరాన్ని ఏలే ప్రభువుకు చుట్టం. మంచి సంబంధమే!

అయినా తండ్రి మొదట తొందరపడలేదు. పిల్ల చిన్నది, ఇంకో రెండేళ్లు ఆగమన్నాడు. చిన్న వయసులో తల్లులైతే ఆడపిల్లలు పాడైపోతారన్నాడు. ముందు పిల్ల మనసు తెలుసుకోమన్నాడు. ఆమె ఇష్టపడితేనే తానూ సరే అంటానన్నాడు. ఎంత మంచి మాట! కానీ ఆ మాట మీద ఆయన రెండు రోజులు కూడా నిలబడలేదు.

ఈలోగా జూలియట్, రోమియో ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ రెండు ఇళ్లకూ పాత పగ. అందుకే ఫాదర్ లారెన్స్ వాళ్లకు రహస్యంగా పెళ్లి చేశాడు. అదే రోజు వీధిలో కొట్లాట జరిగింది. జూలియట్ మేనమామ కొడుకు రోమియో చేతిలో చనిపోయాడు. ప్రభువు రోమియోను ఊరి నుంచి వెళ్లగొట్టాడు.

జూలియట్ ఒకటే ఏడుపు. చనిపోయిన బావ కోసం ఏడుస్తోందని తండ్రి అనుకున్నాడు. పెళ్లి చేస్తే దిగులు పోతుందనుకున్నాడు. ఆమెను అడగకుండానే గురువారం పెళ్లి అని పారిస్‌కు మాట ఇచ్చేశాడు. ఆయన కూతురి మేలే కోరాడు. ఆ మేలు ఏమిటో కూతురిని మాత్రం అడగలేదు.

జూలియట్ వద్దంది. తండ్రి మండిపడ్డాడు. మాట వినకపోతే వీధిలో అడుక్కుని చావమన్నాడు. ఒక నెల, పోనీ ఒక వారం ఆపమని ఆమె తల్లిని బతిమాలింది. తల్లి పట్టించుకోకుండా వెళ్లిపోయింది. ఆ తల్లి కూడా ఇంచుమించు ఆ వయసులోనే బిడ్డను కన్నది. పాలిచ్చి పెంచిన దాది సైతం పారిస్‌నే చేసుకోమంది. ఇంట్లో ఆమె మాట వినేవాళ్లే లేరు.

ఫాదర్ ఒక మందు ఇచ్చాడు. అది తాగితే 42 గంటలు చచ్చినట్టు పడి ఉంటారు. ఆమె తాగింది. పెళ్లి వంటలు చావు వంటలయ్యాయి. అసలు సంగతి రాసిన ఉత్తరం రోమియోకు అందలేదు. ప్లేగు భయంతో ఆ ఉత్తరం తీసుకెళ్లే మనిషిని ఒక ఇంట్లో ఆపేశారు. జూలియట్ నిజంగానే చనిపోయిందనుకున్నాడు రోమియో. సమాధిలో ఆమె పక్కనే విషం తాగాడు. ఆమె మేలుకుంది, అతన్ని చూసింది, కత్తితో పొడుచుకుంది. అప్పుడు ఆ రెండు ఇళ్ల పెద్దలూ చేతులు కలిపారు. ఏం లాభం?

మన దేశంలో 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ఉంది. పెళ్లికి అమ్మాయికి 18 ఏళ్లు, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. చిన్నపిల్లకు పెళ్లి చేస్తుంటే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. వయసు సంగతి చట్టం చూస్తుంది. పిల్ల మనసు ఇంట్లోవాళ్లే అడిగి తెలుసుకోవాలి.

మాట్లాడుకోండి:
1. తండ్రి మొదట అన్న మాట మీదే ఉంటే ఏం జరిగేది?
2. జూలియట్ తల్లి ఏం చేసి ఉండాల్సింది?
3. మీ పెళ్లప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మీ అమ్మాయిని మీరు అడుగుతారా?