సంఘభవనమున కుటుంబ వినోదరాత్రి

కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట సభ్యులు సకుటుంబముగ ఒక రాత్రి సంఘభవనమున వినోదముతో గడుపుట ఉచితము. చిత్రమును ఎన్నుకొనునపుడు హక్కుల విషయము మరువరాదు. 1957 నాటి చట్టమును బట్టి చలనచిత్రముపై హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరాది నుండి 60 ఏండ్లు నిలుచును. నూతన చిత్రమును అనుమతిలేక బహిరంగముగ ప్రదర్శించినచో సంఘమే చిక్కున పడును. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి దర్శకత్వమున వెలువడిన 'రైతుబిడ్డ'కు ఆ బాధ లేదు; పైగా అది మన కథయే.

ఆటలు చిత్రమునకు ముందే జరుపవలెను. ఆలస్యమైనచో పిల్లలు నిద్రకు తూగుదురు. వారినెత్తుకొని తల్లులు ఇండ్లకు మరలుదురు. అష్టాచెమ్మాకు నాలుగు గవ్వలు, వామనగుంటలకు చింతగింజలు చాలును. పేకను మాత్రము గడప దాటనీయరాదు. పందెము మొదలైనచో స్త్రీలు మరల రారు. వారు పొయ్యివద్దనే చిక్కుకొనినచో ఈ వినోదము ఎవరికి? కావున ఆ పూట వంట పురుషులే చేయుదురని సంఘ ప్రకటనముననే వ్రాయుడు.