తెలిసి చేసెడి తప్పు

పొరుగువాని తోటలో ఒక్క మామిడికాయ కోయుటకైనను సంకోచించు సజ్జనుడు, దొంగప్రతి యని యెఱిగియు చలనచిత్రపు సి.డి.ని జంకులేక కొనుట ఒకప్పుడు ఊరూర కనబడిన దృశ్యము. నేడు అట్టివాడే అంతర్జాలమునుండి చిత్రమును అక్రమముగా పొందుచున్నాడు. దీనికి కారణమేమి?

మొదటిది వెల. కుటుంబమంతయు చిత్రశాలకు పోయినచో అగు వ్యయముతో పోల్చగా దొంగప్రతి వెల అత్యల్పము. ఈ సంగతి గ్రహించియే 2007 ప్రాంతమున మోసర్‌బేర్ సంస్థ న్యాయసమ్మతమైన వి.సి.డి.లను 28 రూపాయలకు, డి.వి.డి.లను 34 రూపాయలకు అమ్మజూపెను.

రెండవది ఆతురత. కోరిన చిత్రము కోరిన దినమున తమ యూర దొరకకున్నచో పలువురు ఓపిక పట్టజాలరు.

మూడవది మనస్సునకు సంబంధించినది. కాయ కోసినచో చెట్టున ఒక కాయ తగ్గును. చిత్రమునకు ప్రతి తీసినచో మూలము చెక్కుచెదరదు. నష్టపోయినవాని ముఖము కానరాదు. కావున “నిర్మాత ధనవంతుడు, నా యొక్కనివలన ఆయనకేమి లోటు?” అని కొనువాడు తన్ను తాను సమాధానపఱచుకొనును. అందఱును చేయుచుండగా తప్పు తప్పుగా తోపదు.

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రము విడుదల కాకమునుపే అందలి పెద్దభాగము బయటపడి వ్యాపించెను. నిర్మాతలు విడుదలను ముందునకు జరిపి 27వ తేదీన ప్రదర్శింపజేసిరి. చిత్రము ఘనవిజయము పొందెను. “నష్టమేమున్నది?” అని కొందఱనవచ్చును. కాని ప్రసిద్ధనటుని చిత్రమునకు దక్కిన భాగ్యము, కొద్దిపాటి పెట్టుబడితో తీసిన చిత్రమునకు దక్కునా?

2023లో సవరింపబడిన చలనచిత్ర చట్టము, చిత్రమును ప్రదర్శనశాలలో దొంగతనముగా చిత్రీకరించువారికి మూడు నెలలు మొదలు మూడేండ్లవరకు కారాగారమును, మూడు లక్షల రూపాయలకు తక్కువకాని జరిమానాను విధించుచున్నది. అయినను చట్టము ప్రతి ప్రేక్షకుని వెంట నడువజాలదు. సరసమైన వెలకు, సకాలమున చిత్రమును అందించుట అమ్మువారి ధర్మము. న్యాయముగా లభించువఱకు ఓపిక పట్టుట మన ధర్మము.

చిత్రము ముగిసినపుడు తెరపై సాగిపోవు పేర్లను ఒకమాఱు చదువుడు. వడ్రంగులు, కుట్టుపనివారు, లైట్లు మోయువారు, వంటవారు అందుందురు. ఒక చిత్రము నష్టపడినచో మఱియొక దానికి పెట్టుబడి దొరకుట కష్టము. వారికి పని దొరకుటయు కష్టమే. కంటికి కనబడని ఆ ముఖములు మనస్సునకు కనబడిననాడు, దొంగసొత్తునకై చాచిన చేయి తనంతట తానే వెనుకకు వచ్చును.