కురుల వంకర

కావ్యనాయిక నొసటిమీది ముంగురులు సూటిగా, బిర్రుగా ఉన్నవని వర్ణించిన పూర్వకవి అరుదు. వంకర తిరిగినవి కనుకనే అవి అలకలైనవి. మోమను తామరపై మూగిన తుమ్మెదలైనవి. ‘కుటిల’ అను విశేషణము మనసుకు తగిలించిన తిట్టు, కురులకు తగిలించిన పొగడ్త. నేడు అదే నాయిక పెండ్లికి ముందు హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక బ్యూటీ పార్లరుకు వెళ్లినచో, ఆ వంకరలను ముందుగా తీసివేయుదమని అక్కడివారు సూచించిన ఆశ్చర్యము లేదు. కాలముతో అభిరుచి మారినదని ఊరకుండవచ్చును. కాని ఈ వంకర తీయుటలో కొంత రసాయనశాస్త్రమున్నది, కొంత కన్నీటి చరిత్ర ఉన్నది. ఇటీవల తేలినదానినిబట్టి మూత్రపిండముల క్షేమమును ఉన్నది.

చర్మమునకు పైన కనబడు వెంట్రుక అంతయు నిర్జీవము. దానికి నొప్పి తెలియదు. గాయపడిన తనంత తాను మానదు. ఈ ఒక్క సంగతి గుర్తున్నచో సీసాలమీది ప్రకటనలలో సగము తేలిపోవును. వెంట్రుక ‘కెరటిన్’ అను మాంసకృత్తుతో నిర్మితము. పైన ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై ఒకటి ఒరిగిన పలుచని పొరలు, లోపల పొడుగాటి పోగుల కట్టలు. ఆ పోగులను పట్టి ఉంచు బంధములలో ముఖ్యమైనవి రెండు విధములు. హైడ్రోజన్ బంధములు బలహీనమైనవి. నీరు తగిలిన విడిపోవును, ఆరిన మరల కుదురును. గంధకపు బంధములు నీటికి గాని దువ్వెనకు గాని లొంగవు. వెంట్రుక కాలునప్పుడు వచ్చు ఘాటువాసనలో ఆ గంధకపు పాలున్నది. వంకరకు మూలము మాత్రము చర్మము క్రింద దాగిన కుదురు. కుదురు వంగి ఉన్నచో వెంట్రుకయు వంగియే వెలువడును. అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో సూటి వెంట్రుక ఇంచుమించు గుండ్రముగాను, ఉంగరాల వెంట్రుక నొక్కిన కోడిగ్రుడ్డు ఆకారముగాను కనిపించును.

తేమకు వెంట్రుక సాగును. ఆ గుణమును ఆధారము చేసికొని జెనీవా పండితుడు సొస్యూర్ 1783లో తలవెంట్రుకతో గాలిలోని తేమను కొలుచు పరికరమును వివరించినాడు. జుట్టును ఇస్త్రీ చేయించుకొని విశాఖ సముద్రతీరమున ఒక సాయంత్రము తిరిగి, ఉంగరాలతో ఇల్లు చేరిన అమ్మాయి అదే ప్రయోగమును తెలియకయే చేసినది. వేడి హైడ్రోజన్ బంధములనే మార్చినది. సముద్రపుగాలి వానిని మరల విప్పినది.

దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడ చక్కగా అతుకును. సూటి జుట్టుగల ఐరోపా స్త్రీలు అలలకొరకు పడిన పాట్లు తక్కువవి కావు. మార్సెల్ గ్రాటో అను క్షురకుడు 1870వ దశాబ్దములో పారిస్ నగరమున వేడి పటకారుతో జుట్టుకు అలలు దిద్ది కీర్తి గడించినాడు. నిలిచియుండు వంకరకొరకు పాటుపడిన కార్ల్ నెస్లర్ తొలి ప్రయోగములు భార్య తలపై చేయగా ఆమె జుట్టు కాలిపోయినది. ఆ ఇల్లాలి ఓర్పునకు చరిత్రలో దక్కిన చోటు కొద్ది.

అమెరికాలోని నల్లజాతి స్త్రీల కథ వేరు. వారికి జుట్టు సూటిగా ఉండుట వట్టి ముచ్చట కాదు. కొలువునకు, మర్యాదకు సంబంధించిన విషయము. బానిసత్వము రద్దయిన రెండేండ్లకు, 1867లో, లూసియానా రాష్ట్రపు పత్తిచేల నడుమ సారా బ్రీడ్‌లవ్ జన్మించినది. తల్లిదండ్రులు నిన్నటివరకు బానిసలు. ఏడేండ్లకు అనాథ, పదునాలుగేండ్లకు ఇల్లాలు, ఇరువదియేండ్లకు చంటిబిడ్డతో వితంతువు. సెయింట్ లూయీ నగరములో ఊరివారి బట్టలు ఉతికి బిడ్డను పెంచినది. ఆ రోజులలో ఆమె జుట్టు రాలిపోసాగినది. కుళాయిలు లేని ఇండ్లు, తరచు తలంటుకొను వీలులేని బ్రతుకులు. ఆ పేటలలో మాడుజబ్బులు సామాన్యము. అదివరకే జుట్టు మందులు తయారుచేసి అమ్ముచుండిన ఆనీ మలోన్ అను మరొక నల్లజాతి స్త్రీ కడ సారా కొంతకాలము సరకు అమ్మినది; 1905లో డెన్వరు చేరి, మరుసటి యేడు చార్లెస్ వాకర్‌ను వివాహమాడి, ‘మేడమ్ సి. జె. వాకర్’ పేరిట సొంత లేపనము ప్రారంభించినది. అందలి మందు గంధకము. మాడు శుభ్రముగా కడుగుట, లేపనము పట్టించుట, పిదప వేడిచేసిన దువ్వెనతో దువ్వుట ఆమె పద్ధతి.

వేడి దువ్వెనను ఆమెయే కనిపెట్టినదని పలువురు వ్రాయుదురు. అది నిజము కాదు. అంతకంటె విశేషమేమనగా, తనను ‘జుట్టు సూటిచేయు మనిషి’ అన్నచో ఆమె ఒప్పుకొనెడిది కాదు. తన పని జుట్టును పెంచుటయే అని వాదించెడిది. ఆ వాదములో వ్యాపారపు నేర్పు కొంత లేకపోలేదు. దువ్వెన వేడిచేసినది జుట్టు పెరుగుటకు కాదు గదా! అయినను మాడు ఆరోగ్యమును ముందుంచి, సింగారమును తరువాత పెట్టిన ఆ క్రమము ఈనాటి పార్లర్లలో కానరానిది. 1910లో ఇండియానాపొలిస్‌లో స్థిరపడి ఆమె కర్మాగారము నెలకొల్పినది. 1912లో చికాగోలో జరిగిన నల్లజాతి వర్తకుల మహాసభలో అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాటలాడుటకు అవకాశమీయలేదు. ఆమె పిలువకయే లేచి, చాకిరేవునుండి కర్మాగారమువరకు తాను నడచిన దారిని సభకు వినిపించినది. మరుసటి సంవత్సరము ఆ సభయే ఆమెను వక్తగా పిలిచినది. 1919లో మరణించునాటికి వేలకొలది స్త్రీలు ఆమె సరకు అమ్మి సొంత సంపాదన ఎరిగినవారు.

వేడిని వదలి రసాయనమును పట్టినవారిలో గారెట్ మోర్గన్ ఒకడు. క్లీవ్‌లాండులో కుట్టుపని చేసినవాడు. సూది వేడెక్కి ఉన్నిబట్ట మాడుచున్నదని ఒక ద్రవము కలిపి, చేతులు ఒక గుడ్డకు తుడుచుకొనగా దాని నూగు సూటియైనదట. పొరుగువాని బొచ్చుకుక్కపై పరీక్షించి, పిమ్మట తన తలపై ప్రయోగించుకొన్నాడని కథ. ఉన్నియు తలవెంట్రుకయు కెరటినే కనుక ఈ కథ నమ్మదగినదే. ఇతడే 1923లో వీధికూడళ్ల సంకేతయంత్రమునకు పేటెంటు పొందినాడు.

గంధకపు బంధమును త్రుంచుటకు తరువాత బాగుగా వ్యాపించినది కాస్టిక్ సోడా. సబ్బుల తయారీలో వాడునదే. మాల్కం ఎక్స్ 1965లో వెలువడిన ఆత్మకథలో, బోస్టనులో యౌవనమున బంగాళాదుంపలు, గ్రుడ్లు, ఆ క్షారము కలిపిన ముద్దను తలకు పట్టించుకొనగా మాడు మండిపోయిన తీరు చెప్పి, అది తనను తాను కించపరచుకొనుటలో మొదటి పెద్ద అడుగని తలచినాడు.

ఈనాడు మన నగరములలో వినవచ్చు పేరు ‘కెరటిన్ చికిత్స’. పేరు ఇంపైనది, వంకరను తీయునది మాత్రము కెరటిన్ కాదు. ఈ జాతి ద్రవములు పెక్కింటిలో, ఇస్త్రీపెట్టె వేడికి, ఫార్మాల్డిహైడు వెలువడును. బడి ప్రయోగశాలలో కప్పలను సీసాలలో నిలువ ఉంచు ఫార్మలిన్ అదియే. అది మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ పరిశోధక సంస్థ 2004లోనే నిర్ణయించినది. ఫార్మాల్డిహైడు లేదని చెప్పి అమ్మువానిలో కొన్నింట గ్లైఆక్సిలికామ్లము ఉండును. ఇరువదియారేండ్ల యువతి ఒకతె 2020, 2021, 2022లలో మూడుమార్లు జుట్టు సూటి చేయించుకొని, మూడుమార్లును మూత్రపిండములు దెబ్బతిని ఆసుపత్రి పాలైన ఉదంతమును ఫ్రాన్సు వైద్యులు 2024లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రకటించిరి. ఆ లేపనము పూసిన ఎలుకల మూత్రపిండములలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు కనబడినవి. 2022లో అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు పదునొకండేండ్లు గమనించిన అధ్యయనమొకటి వెలువడినది. డెబ్బదియేండ్లు నిండులోపల గర్భాశయ క్యాన్సరు రాదగినవారు, సూటిచేయు రసాయనములు వాడనివారిలో నూటికి 1.64, తరచు వాడినవారిలో 4.05 అని దాని అంచనా. ఇది సంబంధమును చూపునే గాని కారణమును రుజువు చేయదు; కాని ఆడపిల్లల తల్లులు తెలిసికొనవలసిన లెక్క.

ఇంత తెలిసియు సూటి జుట్టును కోరువారిని నిందించి లాభము లేదు. వేడియే వాడదలచినచో జుట్టు పూర్తిగా ఆరవలెను. తడిజుట్టుపై కాలిన ఇనుము పెట్టిన లోపలి నీరు ఆవిరియై వెంట్రుకలోనే బుడగలు కట్టి దానిని పగులగొట్టును. ఎంత తక్కువ వేడికి, ఎంత తక్కువ మారులకు పని జరిగిన అంత మేలు. మాడుపై పుండు, గీత ఉన్నప్పుడు ఏ రసాయనమును తగులనీయరాదు. అమ్మమ్మల పద్ధతియు ఉన్నది: కొంచెము చెమ్మ ఉండగనే పెద్దపండ్ల దువ్వెనతో చిక్కుతీసి, బిగువు లేకుండ జడ అల్లి, ఆరిన పిదప విప్పుట. హైడ్రోజన్ బంధములకు అదియు చాలును. తలంటికి ముందు కొబ్బరినూనె రాసినచో వెంట్రుకలోని మాంసకృత్తు తక్కువ నష్టపోవునని ముంబై పరిశోధకులు 2003లో చూపిరి. వారు పనిచేసినది కొబ్బరినూనె అమ్ము సంస్థలోనే అని కూడ చెప్పుట న్యాయము.

బడిలో ఉంగరాల జుట్టు పిల్లను చూచి, నూనె రాసి దువ్వుకొని రాలేదేమని గద్దించు ఉపాధ్యాయులు నేటికిని ఉన్నారు. ఆమె దువ్వుకొనియే వచ్చినది. నొసటి దగ్గర లాగి బిగించిన రెండు జడలు ఏండ్ల తరబడి సాగినచో అక్కడి కుదుళ్లు చచ్చి నుదురు వెడల్పగును. సహజమైన జుట్టునుబట్టి బడిలో గాని కొలువులో గాని వివక్ష చూపరాదని కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసినది.

తల వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. వేసవి సెలవులలో రసాయనముతో సూటి చేయించుకొన్న విద్యార్థిని దసరా నాటికి పాపిట దగ్గర నాలుగైదు సెంటీమీటర్ల ఉంగరాలను చూచుకొనును. పాత సూటి జుట్టును, కొత్త వంకర జుట్టును కలియు ఆ గీత దగ్గరనే వెంట్రుక ఎక్కువగా తెగును. కుదురు మాత్రము తన వంపుతోనే ఉన్నది.