అమ్మ జ్ఞాపకశక్తికి నాలుగు నిమిషాల ఆయాసం

ఇషా నమాజు ముగిసిన తర్వాత శాలిబండ నుంచి చార్మినార్ వైపు నడిచివస్తే రెండు రకాల దీపాలు పొద్దుపోయేదాకా వెలుగుతూ కనిపిస్తాయి. ఒకటి హోటళ్లవి, రెండవది జిమ్ములవి. అద్దాల వెనుక మన యువకులు బరువులెత్తుతూ చెమటోడుస్తుంటారు. సంతోషించదగిన విషయమే. పాతబస్తీకి శరీర సాధన కొత్త కాదు. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వంశీకులు స్థిరపడిన బార్కస్ పేరు వింటేనే పహిల్వాన్లు గుర్తుకు వస్తారు. దండీలు, బస్కీలు తీయడం తాలీమ్‌ఖానాల్లో నిత్యకృత్యంగా ఉండేది.

మరి ఆ యువకుల తల్లులు ఆ వేళ ఏం చేస్తుంటారు? గిన్నెలు సర్దుకొని, షుగరు మాత్ర వేసుకొని, తాళంచెవులు ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటూ ఉంటారు. ‘వయసు మీద పడింది’ అని ఇంటిల్లిపాదీ నవ్వి ఊరుకుంటారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ తల్లుల కోసం, వారి పిల్లల కోసం.

మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది మతిమరుపు వ్యాధితో (డిమెన్షియాతో) జీవిస్తున్నారని 2023లో వెలువడిన జాతీయ అంచనా తెలిపింది. పురుషుల కంటే స్త్రీలలో ఇది అధికం. మార్చుకోదగిన 14 కారణాలను సరిచేసుకోగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం పేర్కొంది. వాటిలో మధుమేహం, అధిక రక్తపోటు, స్థూలకాయం, శారీరక శ్రమ లేకపోవడం ఉన్నాయి. పాతబస్తీలో ఈ నాలుగూ తెలియని గడప ఉందా?

మన హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక ఆసక్తికరమైన సంగతి ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన అమ్మలకు ఆ అవకాశం ఎలాగూ ఉంది. లోపమల్లా శరీరాన్ని కదిలించడంలోనే.

శరీర బరువులో మెదడు సుమారు రెండు శాతమే. కానీ మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు ఐదోవంతు దానికే కావాలి. గుండె వేగంగా కొట్టుకొని, ఊపిరి ఎగసిపడేలా శ్రమించినప్పుడు కండరాలలో లాక్టేట్ అనే పదార్థం పెరుగుతుంది. దానిని మెదడు ఇంధనంగా వాడుకుంటుంది. నాడీకణాల మనుగడకు, వాటి మధ్య కొత్త సంబంధాలకు తోడ్పడే బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీన్ కూడా అప్పుడు అధికమవుతుంది. జ్ఞాపకాలు కొత్తగా నమోదయ్యే హిప్పోకాంపస్ భాగానికి ఈ ప్రోటీన్ ఎంతో అవసరం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 65 నుంచి 85 ఏళ్ల వారిని మూడు వర్గాలు చేసి ఆరు నెలలు వ్యాయామం చేయించారు. ఒకరికి తేలికపాటిది, ఒకరికి మధ్యస్థం, మరొకరికి తీవ్రమైనది. తీవ్ర వర్గంవారు నాలుగేసి నిమిషాలు గట్టిగా శ్రమించి, మధ్యలో నెమ్మదిస్తూ, అలా నాలుగు దఫాలు చేశారు. హిప్పోకాంపస్‌పై ఆధారపడే అభ్యసన సామర్థ్యం మెరుగుపడినది ఈ వర్గంలోనే. ఆ మేలు ఐదేళ్ల వరకు నిలిచినట్లు 2024లో వెల్లడించారు.

అయితే తీవ్రతే సర్వస్వమని మేము చెప్పబోవడం లేదు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 70 ఏళ్లు దాటిన పదిహేను వందల మందికి పైగా వృద్ధులతో ఐదేళ్లు సాగిన అధ్యయనంలో, తీవ్ర వ్యాయామం చేసినవారి మెదడు పరిమాణం మిగతావారికంటే మెరుగ్గా నిలిచినట్లు తేలలేదు. 2011లో వెలువడిన అమెరికా అధ్యయనంలో మాత్రం, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు 40 నిమిషాలు చురుకుగా నడిచినవారి హిప్పోకాంపస్ రెండు శాతం పెరిగింది. కాబట్టి నడక చాలు అనుకునేవారు నడవవచ్చు. ఊపిరి కాస్త ఎగసిపడాలన్నదే మా మాట.

‘ఐదు పూటలా నమాజు చేస్తున్నాం, అది వ్యాయామం కాదా?’ అని కొందరు సోదరీమణులు అడుగుతుంటారు. నమాజు ఆరాధన. అందులో నిదానం, నిలకడ ఉండాలి. దానిని కసరత్తుగా లెక్కించడం దానికీ న్యాయం కాదు, దేహానికీ కాదు. దేహం కోసం వేరే సమయం కేటాయించాల్సిందే. బలహీనుడైన విశ్వాసికన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ప్రియమైనవాడని, ఇద్దరిలోనూ మేలుందని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి)తో ఆయన పరుగుపందెం వేసిన సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె శరీరం బరువెక్కిన తర్వాత ఆయన గెలిచారు. భార్య బరువెక్కిందని ఇంట్లో ఎత్తిపొడిచే సోదరులు ఈ సంఘటనలో ఒక విషయం గమనించాలి. ఆయన వెక్కిరించలేదు, ఆమెతో కలిసి పరుగెత్తారు.

ఉమ్రా కోసం ఏళ్ల తరబడి చిట్టీలు కట్టి డబ్బు కూడబెట్టే తల్లులు మన బస్తీల్లో ఎందరో. సఫా, మర్వాల మధ్య ఒక్కో విడత సుమారు 450 మీటర్లు. ఏడు విడతలకు మూడు కిలోమీటర్లు దాటుతుంది. బిడ్డ దాహం తీర్చడానికి హజ్రత్ హాజిరా (అలై) పడిన తపనకు గుర్తు ఆ సయీ. అక్కడికి చేరుకున్నాక చక్రాల కుర్చీ వెతుక్కోవలసిన స్థితి యాభై అయిదేళ్లకే ఎందుకు రావాలి?

మరి ఎక్కడ చేయాలి? మన గల్లీల్లో స్త్రీలు వేగంగా నడిచే చోటే లేదు. కానీ ఇరుకు స్థలంలో మూడంతస్తులు లేపిన మన ఇళ్లలో మెట్లున్నాయి. పది నిమిషాలు మెల్లగా నడిచి ఒంటిని వేడెక్కించాలి. తర్వాత మాట తడబడేంత చురుకుగా ఒక నిమిషం ఎక్కాలి, రెండు మూడు నిమిషాలు నెమ్మదించాలి. ఇలా నాలుగుసార్లు, వారానికి రెండు మూడు రోజులు చేస్తే చాలు. నెలలు గడిచేకొద్దీ శ్రమించే సమయాన్ని నాలుగు నిమిషాల దాకా పెంచుకోవచ్చు. దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకొని నిదానంగా దిగాలి. మోకాళ్ల నొప్పి ఉంటే మెట్లు వద్దు, కదలని సైకిల్ మేలు. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా డాక్టరును సంప్రదించాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి శ్రమ వల్ల చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉంటే వెంటనే ఆపాలి.

పాతబస్తీకి చేరువలో, రాజేంద్రనగర్ వాదీ-ఎ-మహమూద్‌లోని మస్జిదె ముస్తఫా 2021లో తన ప్రాంగణంలోనే స్త్రీలకు ప్రత్యేకంగా వ్యాయామశాల తెరిచింది. శిక్షకురాలిని నియమించి, ఆరోగ్య పరీక్షలకూ ఏర్పాటు చేసింది. అన్ని మసీదులకూ అంత స్థలం, అంత సొమ్ము ఉండకపోవచ్చు. కానీ పాతబస్తీ నిండా ఫంక్షన్ హాళ్లున్నాయి. రాత్రి రెండింటిదాకా విందులతో కిటకిటలాడి, పొద్దున పదింటికి తాళాలతో నిద్రపోయే విశాలమైన హాళ్లు. వారానికి మూడు ఉదయాలు, గంటసేపు, ఆ తలుపులు మొహల్లా స్త్రీల కోసం తెరవమని యజమానులను అడగడానికి మసీదు కమిటీలకు ఖర్చేమీ కాదు.